చంద్రుడి మీద కాలు, ఇన్నయ్య బాబాయ్ మీసం

ఆరో తరగతిలో మా సైన్సు మాస్టారు నన్ను లేపి నిలబెట్టి, "భూమి ఎట్లా ఉంటదిరా కోటయ్యా?" అని అడిగారు. నాకు తెలిసిన భూమి మొత్తం రెండు ఊళ్ళు. "మాచర్లలో రాళ్ళుగా ఉంటదండీ, రెంటచింతలలో కాలిన పెనంలాగా ఉంటదండీ" అన్నాను. మాస్టారు బెత్తం విరిగేదాకా ఆలోచించి, "ఒరేయ్, నువ్వు చదువుకోవటం చదువుకే మంచిది కాదు" అని తేల్చారు. ఒకరికి చెడు చేసే రకాన్ని కాదు నేను. మర్నాటి నుంచి మానేశాను. అట్లా ఖగోళశాస్త్రం నన్ను పోగొట్టుకుంది. అందుకు అది ఏడ్చినట్టు ఇంతవరకూ ఎక్కడా కబురు లేదు.

తమాషా ఏందంటే, ఆ తర్వాత పన్నెండేళ్ళు ఖగోళం అంతా నా నోటి మీదుగానే మా ఊరు చేరింది. నేను మైకుసెట్టు మనిషిని. పెళ్ళికీ, తిరునాళ్ళకీ, ఎలక్షన్లకీ, గుడి పండగలకీ అద్దెకు పోయే మైకూ, గొట్టాలూ, గ్రామఫోనూ, లారీ బ్యాటరీ, వాటితోపాటు నేనూ. మాచర్ల బస్టాండు పక్కన రేడియో షాపు ఉన్న మస్తాన్‌గారు మా ఓనరు, నా గురువు. ఇప్పుడు రిటైరయ్యాను. ముందు నా చెవులు రిటైరయినయ్యి, వాటి వెనకాల నేను.

ఈమధ్య సౌండ్ సిస్టం షాపులు పెట్టే కుర్రాళ్ళు వచ్చి, "తాతా, ఈ పనిలో కిటుకేంది?" అని అడుగుతున్నారు. వాట్లూ వైర్లూ మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెప్పేది మిగతాది.

చెట్టు, చెయ్యి, ఫ్యూజు

మైకుసెట్టు పనంటే ముందు చెట్టెక్కటం. గొట్టం ఎంత ఎత్తున కడితే అంత దూరం వినపడతది. కాబట్టి ఊళ్ళో పొడుగు చెట్టు ఏదో, దానిమీద ఎర్రచీమలు ఏ కొమ్మన కాపురం ఉంటయ్యో తెలిసుండాలి. నేను కిందకి దిగేటప్పుడు చేసిన డాన్సులకు రికార్డు కూడా అక్కర్లేదు.

రెండోది తిట్లు తినటం. పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, "పెంచరా, మాచర్ల దాకా వినపడాల" అంటాడు. ఆయన వెనకాలే ఒక ముసలమ్మ వచ్చి, "తగ్గించి చావరా, గుండె అదురుతోంది" అంటది. ఇద్దరికీ "అట్లాగే" అని చెప్పి, ఏదీ ముట్టుకోకుండా ఆంప్లిఫైరు పెట్టె మీద చెయ్యి ఆడించాలి. ఇద్దరూ "ఆఁ, ఇప్పుడు బాగుంది" అని వెళ్ళిపోతారు. నా సర్వీసులో సగం ఆ చెయ్యి ఆడించటమే.

మూడోది ఫ్యూజు. పెట్టెలో వెంట్రుకంత తీగ ఉంటది. కరెంటు ఎక్కువొస్తే అది కాలిపోయి పెట్టెను కాపాడుద్ది అని కంపెనీ వాళ్ళు చెప్తారు. మస్తాన్‌గారు చెప్పింది వేరు: "బేటా, ఫ్యూజు ఉన్నది పెట్టెని కాపాడటానికి కాదు, మనుషుల్ని కాపాడటానికి." నాయకుడి ఉపన్యాసం ఆగక పిల్లలు సొమ్మసిల్లుతున్నారా, ఫ్యూజు పోతది. రెండు పార్టీలు ఒకే మైకు కోసం పంచెలు ఎగ్గడుతున్నారా, ఫ్యూజు పోతది. తాగొచ్చిన పెదనాన్న పద్యం ఎత్తుకున్నాడా, ఆ ఫ్యూజు మొదటి పాదం దాటనివ్వదు. పోయిన ఫ్యూజుని ఎవరూ తిట్టరు. "అయ్యో పాపం" అంటారు. మనుషులకి కూడా అంత మర్యాద దొరకదు.

ఈ ఫ్యూజుని గుర్తు పెట్టుకోండి. ముందు ముందు పనుంది.

హారన్ కొట్టిన చుక్క

రష్యా వాళ్ళు స్పుత్నిక్‌ని వదిలిన ఏడాదే నేను పనిలో చేరాను. నెల తిరిగేసరికి ఇంకోదాంట్లో కుక్కని కూడా పంపారు. పొద్దుగూకే వేళ ఆకాశంలో కదిలే చుక్క కనపడితే అదేనంట అని మస్తాన్‌గారి షాపులో వార్తలు విన్నవాళ్ళంతా మెడలు పట్టేదాకా పైకి చూస్తున్నారు.

ఆ డిసెంబరులో రెంటచింతల చర్చి గుడి దగ్గర క్రీస్తు పుట్టుక నాటకం. మా ఊరే కాబట్టి మస్తాన్‌గారు నన్నొక్కణ్ణే పంపారు. ముగ్గురు జ్ఞానులూ కిరీటాలు పెట్టుకుని, ఒంటె దొరక్క తెచ్చుకున్న గేదెని పట్టుకుని నిలబడ్డారు. నేను చెట్టెక్కి గొట్టం కడుతున్నా. మాచర్ల వైపు మిట్ట మీద ఒక చుక్క కదలటం కనపడింది. నిదానంగా, గంభీరంగా, మినుకుమినుకుమంటా వస్తోంది. చెట్టు దిగటానికి నేనెప్పుడూ అంత తక్కువసేపు తీసుకోలేదు. మైకు అందుకుని, "అదిగో స్పుత్నిక్! అందరూ పడమర వైపు చూడండి! కుక్క కూడా అందులోనే!" అని అరిచాను.

ఊరు ఊరంతా లేచి నిలబడింది. ముందు వరసలో ఇన్నయ్య బాబాయ్. మిరపతోటల ఆసామి. మా ఊళ్ళో ఆయనకంటే ముందు ఆయన మీసం వచ్చేది. రెండు కొసలూ పైకి తిరిగి, వాటి మీద నిమ్మకాయలు నిలబెట్టొచ్చన్నట్టు ఉండేది. ఆయన తలపాగా తీసి, సిలువ గుర్తు వేసుకుని, "జ్ఞానులకి చూపించిన చుక్కని మాక్కూడా చూపించావా తండ్రీ" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

చుక్క మిట్ట దిగింది. మలుపు తిరిగింది. హారన్ కొట్టింది.

మాచర్ల నుంచి నాపరాళ్ళు వేసుకొస్తున్న లారీ. ఒక లైటు గుడ్డిది. ఊరంతా చేతులు జోడించి నిలబడటం చూసి డ్రైవరు బండాపి, తల బయటపెట్టి, "ఏందయ్యా, నాకోసమేనా?" అన్నాడు. ముందు జ్ఞానులు నవ్వారు. తర్వాత గేదె తప్ప అందరూ నవ్వారు.

ఇన్నయ్య బాబాయ్ మాత్రం తలపాగా నెమ్మదిగా చుట్టుకుని, నా దగ్గరికొచ్చి, "ఒరేయ్ కోటయ్యా, పుట్టి బుద్ధెరిగి లారీకి దణ్ణం పెట్టటం ఇదే మొదలురా" అన్నాడు.

మస్తాన్‌గారు కబురు విని తిట్టలేదు. "చూసింది మైకులో చెప్పు బేటా. అనుకుంది ఇంట్లో పెట్టుకో" అన్నారు, అంతే. కుర్రాళ్ళూ, ఈ ఒక్కమాట రాసి మీ షాపులో లక్ష్మీదేవి పటం పక్కన పెట్టుకోండి.

అన్నీ లారీలే

ఆ రోజు నుంచి ఇన్నయ్య బాబాయ్‌కి ఆకాశం మీద నమ్మకం పోయింది. పైన ఏది తిరిగినా ఆయనకి లారీయే.

రష్యా మనిషి భూమి చుట్టూ తిరిగొచ్చాడని ఒక పెళ్ళి చదివింపుల మధ్యలో నేనే చెప్పాను. "పెళ్ళికూతురికి మేనత్తగారు చదివించినది ఇత్తడి బిందె ఒకటి, రష్యా వారు ఆకాశానికి చదివించినది మనిషి ఒకరు" అని. జనం చప్పట్లు కొట్టారు. ఇన్నయ్య బాబాయ్ విస్తరి ముందు నుంచే, "బయల్దేరిన చోటికే మళ్ళీ వచ్చాడంటగా? మాచర్ల బస్సు రోజూ చేసేది అదే" అన్నాడు.

తర్వాత రష్యా అమ్మాయి ఒకతె ఒంటరిగా వెళ్ళి దగ్గర దగ్గర మూడు రోజులు తిరిగొచ్చింది. ఈసారి ఆయన భార్య లూర్దమ్మ పిన్ని నన్ను పట్టుకుంది.

"మూడు రోజులు పొయ్యి ముట్టించలేదా?"

"లేదు పిన్నీ. అక్కడ పొయ్యి ఉండదు."

"ఎవరూ మజ్జిగ అడగలేదా?"

"ఎవరూ లేరు పిన్నీ అక్కడ."

"ఒరేయ్, ఈసారి లారీ ఎప్పుడో నాక్కూడా చెప్పు."

కేరళలో సముద్రం ఒడ్డున మనవాళ్ళు రాకెట్లు వదలటం మొదలుపెట్టారనీ, అందుకు అక్కడి గుడినే ఖాళీ చేసి ఇచ్చారనీ మా ఫాదర్‌గారు ఆదివారం ప్రసంగంలో గర్వంగా చెప్పారు. పూజ అయ్యాక ఇన్నయ్య బాబాయ్ బయటికొచ్చి, "గుడిని లారీల షెడ్డు చేశారా!" అని పొగాకు నలుపుకుంటా ఆశ్చర్యపోయాడు.

నేను నవ్వేవాణ్ణి గానీ, లోపల గుచ్చుకునేది. ఆయన వెక్కిరించేది రష్యానీ అమెరికానీ కాదు. నా మైకుని.

మీసం పందెంలోకి దిగటం

అమెరికా వాళ్ళు ముగ్గురు క్రిస్మస్ నాటికి చంద్రుడి చుట్టూ తిరిగొచ్చారు. ఆ తర్వాతొచ్చిన వేసవిలోనే ఇన్నయ్య బాబాయ్ కూతురు తెరేజకి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు తండ్రి శౌరయ్యగారు గురజాల మనిషి, బస్సు డ్రైవరు. రోజూ పది ఊళ్ళ కబుర్లు ఎక్కించుకుని దింపే మనిషి కాబట్టి ఆయనకి తెలియని వార్త లేదు.

ప్రధానం నాడు తాంబూలాలయ్యాక శౌరయ్యగారు, "ఈ ఏడు చంద్రుడి మీద మనిషి కాలు పెట్టటం ఖాయం బావగారూ" అన్నారు.

"లారీ అంత దూరం పోదు బావగారూ."

"పోతే?"

కోడిపందెం మీద రాజ్యాలే పోయినయ్యని చెప్పుకునే పల్నాటి నేల మాది. "పోతే?" అన్న మాట ఇక్కడ ఊరికే గాల్లో పోదు. ఇన్నయ్య బాబాయ్ మీసం కొస మెలేసి, ఫాదర్‌గారి ముందు, రెండు వంశాల ముందు, "మనిషి చంద్రుడి మీద కాలు పెడితే, ఆ కబురు తెలిసినచోటే, తెలిసినప్పుడే మీసం తీయించుకుంటా" అన్నాడు. అప్పట్లో ఆ మీసం మా ఊళ్ళో ఉన్న అన్ని ఆస్తుల్లోకీ పెద్దది.

ఆ తర్వాత పెళ్ళి రోజు కుదిరింది. మూడు ఆదివారాలు గుడిలో చాటింపు వేసి, జులైలో ఒక సోమవారం పొద్దున పూజ అన్నారు ఫాదర్‌గారు. చాటింపులు అయిపోయినయ్యి, చుట్టాలు మూటలు కట్టుకుంటున్నారు. అప్పుడు పేపర్లో పడింది: చంద్రుడి మీదకి బండి బయల్దేరింది, ఆది సోమవారాల్లో దిగుద్దంట.

మా వైపు మగాడు ఉన్నట్టుండి మీసం తీశాడంటే, "ఎవరు పోయారు?" అని అడుగుతారు. ఏ మతంవాడైనా సరే అడుగుతారు. పెళ్ళిలో పది ఊళ్ళ జనం వచ్చి ఆ మాట అడిగితే ఎట్లా ఉంటది? పైగా గుంటూరు నుంచి ఫోటోగ్రాఫర్ని పిలిపించారు. ఆ రోజు తీసిన ఫోటో ఇక జీవితాంతం గోడ మీద ఉండాల్సిందే.

ఆదివారం సాయంత్రం నేను గొట్టాలు కడుతుంటే తెరేజ చెట్టు కింద నిలబడి పైకి పిలిచింది. "కోటయ్యన్నా, నవ్వకుండా విను. రేపు గుడిలోకి నాన్న చెయ్యి పట్టుకుని నడవాల. నేను పుట్టిన దగ్గర్నుంచీ మీసమున్న నాన్నే నాకు తెలుసు. అది లేకపోతే ఎవరో పరాయాయన చేతిలో పెట్టి పంపించినట్టు ఉంటదన్నా."

నేను నవ్వలేదు. అప్పటికే చీమలు కుడుతున్నయ్యి, నవ్వే వీలు లేదు. కానీ అవి లేకపోయినా నవ్వేవాణ్ణి కాదు.

తెరిచి ఉన్న మైకు

సోమవారం తెల్లారి వార్తల్లో చెప్పేశారు: చంద్రుడి మీద దిగారు.

శౌరయ్యగారి వైపువాళ్ళు విజిళ్ళేశారు. క్షవరం చేసే సాంబయ్య పెళ్ళిభోజనానికని వచ్చినవాడు, కత్తుల పొదిని చంకలో సర్దుకున్నాడు. ఇన్నయ్య బాబాయ్ మాత్రం పందిట్లో కుర్చీలోంచి కదల్లేదు.

"దిగింది బండి. మనిషా? కాలు పెట్టాడా?"

"లోపలే ఉన్నారంట బావగారూ. ఇంకాసేపట్లో..."

"బస్సు నడిపే మనిషివి, నీకు నేను చెప్పాలా? బస్సు స్టాండులో ఆగితే ఊరొచ్చినట్టా? ప్యాసింజరు దిగి కాలు కిందపెడితేనే ఊరొచ్చినట్టు."

"మరి ఇంతసేపు లోపలేం చేస్తున్నారు?" అని ఎవరో అడిగితే, "గడియ పడిపోయుంటది" అని ఇంకెవరో చెప్పారు. "అక్కడ ఎండ చానా ఎక్కువంట, కోట్లు తొడుక్కుంటున్నారంట" అన్నాడు ఒకాయన. "రెంటచింతల నుంచి మనిషిని పంపితే కోటు ఖర్చు తప్పేది" అన్నాను నేను.

ఇన్నయ్య బాబాయ్ నాకు ఆర్డరు వేశాడు: "రేడియో మైకు ముందు పెట్టరా. నలుగురూ వినాల. నేను ఎవరి చాటునా గెలవను."

పెట్టాను. మస్తాన్‌గారు ఇచ్చి పంపిన పెద్ద రేడియో. దూరదేశం స్టేషను, ఇంగ్లీషు, మధ్యమధ్యలో జొన్నలు వేగినట్టు చిటపట. నా ఇంగ్లీషు "మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ" వరకే. త్రీ దాటితే నేను కూడా పరాయి దేశమే. అందుకని ఇంగ్లీషు వచ్చిన ఫాదర్‌గారే పూజకి ముందు మాటిమాటికీ వచ్చి చెవి పెట్టి, "ఇంకా లేదు, ఇంకా లేదు" అని చెప్పి వెళ్తున్నారు. ఆ చిటపటకి చంటిపిల్లలు జడుసుకుంటున్నారని నేను రేడియో గొంతు బాగా తగ్గించాను. తగ్గించింది రేడియోని. ఈ ముక్క కూడా గుర్తు పెట్టుకోండి.

లూర్దమ్మ పిన్ని నా బ్యాటరీ పెట్టె వెనక్కొచ్చి కూర్చుంది. కొత్త చీర, పాత కంగారు.

"ఒరేయ్ కోటయ్యా, కాలు పెట్టినా పెట్టలేదని చెప్పరా. నీకు పుణ్యముంటది."

"ఒకసారి లారీని చుక్క అన్నందుకే పన్నెండేళ్ళు వెక్కిరింతలు తిన్నాను పిన్నీ. ఇప్పుడు చుక్కని లారీ అంటే నన్ను ఊళ్ళో ఉండనిస్తారా? అబద్ధం నావల్ల కాదు."

"మరి నా కూతురు ఏడుస్తోందిరా."

నాకు గురువుగారు గుర్తొచ్చారు. "అబద్ధం వద్దులే పిన్నీ. ఫ్యూజు ఉందిగా, రేడియోకీ కరెంటు దాంట్లోంచే. ఫాదర్‌గారు ఈసారి ఇటొస్తుంటే తీగ లాగేస్తా. పెళ్ళయి ఫోటో దిగేదాకా ఫ్యూజు పోయిందంటా. మీసం నాకొదిలెయ్యి."

"దేవుడు నిన్ను చల్లగా చూడాల నాయనా. ఆయన్ని నమ్మించగలవా?"

"బాబాయ్‌నా? ఆయన లారీనే నమ్మాడు, ఫ్యూజుని నమ్మడా?"

అప్పుడు ఊరి అవతల చింతచెట్టు మీద నుంచి ఎవడో, "...ఫ్యూజుని నమ్మడా" అన్నాడు. గొంతు ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. అచ్చం నాలాగే వెధవ గొంతు. ఆ తర్వాత అర్థమైంది. మైకు కట్టెయ్యలేదు.

బయట గొట్టాలు నాలుగు. గుడిలో, వంటశాలలో, పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే ఇంట్లో, చెరకుపానకం బండి దగ్గర, అందరికీ చక్కగా వినపడింది. నా సర్వీసులో అంత క్లియరుగా సౌండు ఎప్పుడూ రాలేదు.

కుర్రాళ్ళూ, ఇది రెండో మాట: మైకు ముందు గుసగుస అనేది లేదు. స్విచ్చి కట్టేశాననుకోవద్దు, చూడండి.

ఏ కాలు?

ఇన్నయ్య బాబాయ్ కుర్చీలోంచి లేచొచ్చాడు. పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. నేను పారిపోదామని చూస్తే వైరు నా కాలికే చుట్టుకుంది.

"పెళ్ళాం చాటున దాక్కునే మీసం నాకొద్దు" అన్నాడు ఆయన. "రేడియో గొంతు పెంచరా."

పెంచాను. చిటపట. ఎవరో చానా దూరం నుంచి నూతిలో మాట్లాడినట్టు ఏదో అన్నారు. ఫాదర్‌గారు రేడియో దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని విన్నారు. తల ఎత్తారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. పందెం ఉందని ఆయన మర్చిపోయినట్టున్నారు.

"పెట్టాడు" అన్నారు. "మనిషి చంద్రుడి మీద కాలు పెట్టాడు."

విజిళ్ళు లేవు. అందరూ ముందు పైకి చూశారు. పట్టపగలు చంద్రుడెక్కడుంటాడు? అయినా చూశారు. తర్వాత అందరూ ఇన్నయ్య బాబాయ్ వైపు చూశారు.

ఆయన కుర్చీ వెలుగులోకి లాక్కుని కూర్చున్నాడు. "సాంబయ్యా, రా."

"బావగారూ, ఊరికే ఏదో సరదాకి అనుకున్నాం, వదిలెయ్యండి" అని శౌరయ్యగారు చేతులు పట్టుకున్నారు. గెలిచిన మనిషి బతిమాలటం నేను అదే చూడటం.

"మాటంటే మాటే. రా సాంబయ్యా."

సాంబయ్య కత్తి తీశాడు. ముస్తాబు ఇంటి గుమ్మంలో తెరేజ నిలబడి ఉంది, తెల్లచీరలో, ఏడవకుండా ఉండటానికి చానా కష్టపడతా. అప్పుడు లూర్దమ్మ పిన్ని కొంగు దోపి ముందుకొచ్చింది.

"ఫాదర్‌గారూ, ఏ కాలు?"

"ఏందమ్మా?"

"వాడు పెట్టింది కుడికాలా, ఎడంకాలా?"

ఫాదర్‌గారు రేడియో వైపు చూశారు. రేడియో నా వైపు చూసింది. "అది... చెప్పలేదమ్మా."

"చెప్పకుండా ఎట్లా? కొత్తచోటికి పోయినోడు ముందు కుడికాలు పెట్టాల. మన ఇళ్ళల్లో కోడలు ఎడంకాలు పెడితే కాలు పెట్టినట్టు లెక్కేస్తామా? వెనక్కి పిలిచి, మళ్ళీ గడప దాటించి, కుడికాలు పెట్టిస్తాం. కాదా వదినా?"

ఆ వదిన శౌరయ్యగారి భార్య. మగపెళ్ళివారి పెద్ద. ఆమె బుగ్గన వేలు పెట్టుకుని, "అవును మరి. ఎడంకాలు కాలే కాదు" అంది. అంతే, రెండు వైపుల ఆడవాళ్ళూ ఒకటైపోయారు. మొగుళ్ళు కలవని చోట వియ్యపురాళ్ళు కలిశారు. "ఏ కాలో తెలిసేదాకా కత్తి లోపల పెట్టు సాంబయ్యా!" అని తీర్పయింది. సాంబయ్య అందరికంటే ముందు ఒప్పుకున్నాడు.

ఇన్నయ్య బాబాయ్ ఫాదర్‌గారి వైపు చూశాడు. "ఇది న్యాయమేనా ఫాదర్‌గారూ?"

ఫాదర్‌గారు గడ్డం సవరించుకున్నారు. "సాక్ష్యం పూర్తిగా రాలేదు ఇన్నయ్యా. రేపు మాచర్ల బస్సులో పేపరొస్తది. ఈలోగా పూజకి వేళవుతోంది."

తెరేజ తండ్రి చెయ్యి పట్టుకుని గుడిలోకి నడిచింది. గుమ్మం దగ్గర ఆయనే ఆగి, కిందకి చూసుకుని, జాగ్రత్తగా కుడికాలు ముందు పెట్టాడు. గుడి బయట ఫోటో దిగారు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, అందరికంటే ముందు మీసం. మూలన కాలికి వైరు చుట్టుకుని ఒక వెధవ నిలబడి ఉంటాడు, పట్టించుకోవద్దు.

పేపరొచ్చింది

మర్నాడు శౌరయ్యగారు తన బస్సులోనే పేపరు తెచ్చారు. అందులో లేదు. ఆ తర్వాత ఏ రోజు పేపర్లోనో పడింది: ముందు పెట్టింది ఎడంకాలు.

ఆయన పరిగెత్తుకొచ్చి, "బావగారూ, ఎడంకాలంట! నేను ఓడిపోయాను!" అని ఊరంతా చాటారు. ఓడిపోయినందుకు అంత సంబరపడ్డ మనిషి పల్నాటి చరిత్రలో లేడు. లూర్దమ్మ పిన్ని పక్కింటికి పాయసం పంపింది.

ఇన్నయ్య బాబాయ్ ఆ పేపరు మడిచి చూరులో దోపాడు. కూతురూ అల్లుడూ మొదటిసారి వచ్చి, ఉండి, గురజాల బస్సెక్కేదాకా ఆగాడు. బస్సు మలుపు తిరిగాక తిన్నగా సాంబయ్య దగ్గరికి పోయి కూర్చున్నాడు. "గెలిచావుగా బాబాయ్!" అని సాంబయ్య మొత్తుకుంటే, "ఎడందైనా కుడిదైనా మనిషి కాలు మనిషి కాలేరా. అంత దూరం పోయినోడికి ఒక మీసం ఇవ్వకపోతే మర్యాదగా ఉండదు" అన్నాడంట.

మస్తాన్‌గారికి జరిగిందంతా చెప్పాను. ఆయన నవ్వి నవ్వి, టోపీ తీసి తుడుచుకుని, "ఫ్యూజు మనుషుల్ని కాపాడుద్ది అన్నాను గానీ, లూర్దమ్మగారు ఉన్న ఊళ్ళో అది కూడా అక్కర్లేదు" అన్నారు. తర్వాత నా చేత మైకు స్విచ్చి మీద ఎర్రరంగు వేయించారు. ఈ పనిలో ఇంకా చానా చూశాను. మంత్రుల మీటింగులకి గొట్టాలు కట్టాను, పెద్దపెద్దోళ్ళు మైకు ముందు చిన్నోళ్ళయిపోవటం చూశాను. కానీ మాటకి నిలబడటం అంటే ఏందో తెలిసింది మాత్రం సాంబయ్య కుర్చీతోనే. ఆ సంగతి ఆయనతో అప్పుడు చెప్పలేదు, నా నోరు ఊరుకోదుగా. వెక్కిరించటానికే పోయాను.

అరుగు మీద కూర్చుని ఉన్నాడు. మూతి బోడిగా, కొత్తగా వేసిన గోడలాగా ఉంది.

"ఏం బాబాయ్, ఇప్పుడన్నా ఒప్పుకుంటావా? ఆకాశంలో పోయేది లారీ కాదని?"

ఆయన అలవాటుగా మీసం మెలెయ్యబోయాడు. వేళ్ళకి ఏమీ దొరకలేదు. ఆ వేళ్ళతోనే ముక్కు గోక్కుని, నా వైపు తిరిగాడు.

"లారీయేరా. కాకపోతే దాని ఫ్యూజు నీ చేతిలో లేదు, అందుకని చేరింది."